స్పష్టమైన స్వరం: సంఘ రికార్డింగుకు ఆడియో ఇంటర్‌ఫేస్ ఎంచుకొనుట ఎలా?



ఈ పత్రికలో మీరు చదివే రేడియో ప్రసంగాలు ఎవరో ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకొని, ఆపి ఆపి విని, కాగితం మీదికి ఎక్కించినవే. రికార్డింగు తేటగా ఉంటే ఆ పని త్వరగా ముగుస్తుంది. దైవజనుని మాట మీద డోలక్ మోత, ఫ్యాను హోరు, ఎకో పడి ఉంటే మాత్రం వ్రాసేవారు ఊహించి వ్రాయవలసి వస్తుంది. అప్పుడు ఆయన చెప్పని మాట అచ్చయ్యే ప్రమాదం ఉంది. "కృప" అన్నది "కృషి" అని వినబడితే ప్రసంగం అర్థమే తలక్రిందులవుతుంది గదా!

అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘానికి వ్రాస్తూ వాద్యాల పోలిక తీసుకున్నాడు (1 కొరింథీ 14:7-9). పిల్లనగ్రోవి గాని వీణ గాని స్వరాలలో భేదం లేకుండా మోగితే ఏ పాట వాయిస్తున్నారో వినేవారికి తెలియదు. బూర ధ్వని స్పష్టంగా లేకపోతే యుద్ధానికి ఎవరూ సిద్ధపడరు. తేటగా లేని మాట గాలిలో కలిసిపోతుంది అని ఆయన భావం. భాషల వరాన్ని గూర్చి చెప్పిన ఈ పోలిక రికార్డింగు పరిచర్యకు కూడా చక్కగా సరిపోతుంది.

తెలుగు క్రైస్తవులకు ఎన్నో కీర్తనలు అందించిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించారు. గ్రామఫోన్ కంపెనీ వారు మన దేశంలో రికార్డింగులు మొదలుపెట్టింది 1902లో. కాబట్టి ఆయన కీర్తనలు మనకు ఉన్నాయి గాని ఆయన స్వరం లేదు. 1836లో మన దేశానికి వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త ప్రకటించిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గార్ల తెలుగు ఎలా ఉండేదో కూడా మనం వినలేము. తరువాత రేడియో వచ్చింది. సీషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో 1970 నుండి 2003 వరకు షార్ట్‌వేవ్‌లో చేసిన ప్రసారాలను మన పెద్దలలో అనేకులు ఎరుగుదురు. ఆ రోజుల్లో మంచి రికార్డింగు కావాలంటే స్టూడియో ఉన్న నగరానికి ప్రయాణం కట్టవలసిందే. నేడు ఒక లాప్‌టాప్, సంచిలో పట్టే ఒక పెట్టె ఉంటే మన మందిరమే స్టూడియో అవుతుంది. ఆ పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు.

తణుకులోనైనా, తాడేపల్లిగూడెం, ఏలూరులలోనైనా, కొల్లేటి లంక గ్రామాలలోనైనా, సంఘస్థులు ఇచ్చిన కానుకలతో ఈ పెట్టె కొనబోయే సంఘ పెద్దలకు, యౌవనస్థులకు ఉపయోగపడాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

1. ఈ పెట్టె చేసే పని

మైకు నుండి వచ్చేది చాలా బలహీనమైన విద్యుత్ సంకేతం. దానిని పెంచే భాగాన్ని ప్రీఆంప్ అంటారు. పెంచిన సంకేతాన్ని అంకెలుగా మార్చి యు.ఎస్.బి. వైరు ద్వారా లాప్‌టాప్‌కు పంపించుటే ఇంటర్‌ఫేస్ పని. ఒకేసారి అనేక మైకులను తీసుకొని, ఒక్కొక్క దానిని ఒక్కొక్క ట్రాకుగా విడిగా పంపగలిగితే దానిని మల్టీఛానల్ ఇంటర్‌ఫేస్ అంటారు.

విడిగా ఉండుటలోనే దాని విలువంతా ఉంది. సొలొమోను మందిర ప్రతిష్ఠ నాడు బూరలు ఊదేవారు, పాడేవారు ఏకస్వరంతో దేవుని స్తుతించారు (2 దినవృత్తాంతములు 5:13). ఆరాధనలో మనకు కావలసినది ఆ ఏకస్వరమే. కాని రికార్డింగులో అన్నీ మొదటి నుండే ఒకే ట్రాకులో కలిసిపోతే, తరువాత వాటిని శుభ్రంగా విడదీయుట కష్టం. డోలక్ ఎక్కువైందని తగ్గించబోతే పాడేవారి గొంతు కూడా తగ్గుతుంది. విడి ట్రాకులు ఉంటే సోమవారం నాడు తీరికగా కూర్చొని డోలక్‌ను తగ్గించి, వృద్ధురాలైన సహోదరి సాక్ష్యాన్ని పైకి తీసుకురావచ్చును.

2. మొదట కూర్చొని లెక్కించండి

గోపురం కట్టగోరినవాడు మొదట కూర్చొని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పాడు (లూకా 14:28). మీరు దుకాణానికి వెళ్ళక ముందు ఒక ఆదివారం కాగితం, పెన్ను తీసుకొని మందిరంలో వెనుక కూర్చోండి. ఒకే సమయంలో ఎన్ని చోట్ల నుండి ధ్వని వస్తుందో లెక్కించండి. ఒక మధ్యతరహా సంఘంలో లెక్క సుమారు ఇలా ఉంటుంది:

ప్రసంగ పీఠానికి 1
పాట నడిపించేవారికి 1
క్వయరుకు 2
హార్మోనియానికి 1
తబలా లేక డోలక్‌కు 1
కీబోర్డుకు 1
సంఘస్థుల స్వరానికి 1

మొత్తం 8. క్వయరులో పన్నెండుమంది ఉంటే పన్నెండు మైకులు అక్కరలేదు. సరియైన దూరంలో పెట్టిన రెండు చాలు. సంఘస్థుల వైపు పెట్టే మైకును మాత్రం అనేకులు మరచిపోతారు. అది లేకపోతే దైవజనుడు ఖాళీ గదిలో మాట్లాడినట్లుంటుంది. మంచం పట్టి ఇంటిలో వినే సహోదరునికి తన సంఘం "ఆమేన్" అనుట వినబడాలంటే ఆ మైకు ఉండాలి.

ఇంకొక ప్రశ్న కూడా నిజాయితీగా వేసుకోండి. మీకు కావలసినది ప్రసంగం మాత్రమేనా? అయితే ఎనిమిది ఛానళ్ళ పెట్టె వద్దు. రెండు మైకులు పట్టే చిన్న పెట్టె చాలు. మిగిలిన సొమ్ము ఒక మంచి మైకుకు, స్టాండుకు, వైర్లకు పెట్టండి. పాటలు, క్వయరు, వాద్యాలు కూడా రికార్డు చేయబోతున్నవారికే పెద్ద పెట్టె అవసరం.

3. డబ్బా మీది అంకెను చూచి మోసపోవద్దు

ఈ పెట్టెల పేర్లలో పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. అవి మైకుల సంఖ్య కాదు. ఉదాహరణకు ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 అనే పెట్టె పేరులో 18 ఇన్‌పుట్లు అని ఉన్నా, మైకులు నేరుగా పెట్టగలిగేది 8 మాత్రమే. మిగిలిన పదిలో ఎనిమిది ఏడాట్ అనే డిజిటల్ మార్గం ద్వారా, రెండు మరొక డిజిటల్ మార్గం ద్వారా వచ్చేవి. వాటిని వాడాలంటే వేరే యంత్రం కొని తగిలించాలి. అదే విధంగా బెరింజర్ యు.ఎమ్.సి. 1820 కూడా ఎనిమిది మైకుల పెట్టెయే, యు.ఎమ్.సి. 404 హెచ్.డి. నాలుగు మైకులది.

కాబట్టి దుకాణదారుని అడగవలసిన ప్రశ్న "ఎన్ని ఛానళ్ళు?" అని కాదు. "మైకు ప్రీఆంప్‌లు ఎన్ని? అవన్నీ ఒకేసారి విడి ట్రాకులుగా లాప్‌టాప్‌లోనికి వస్తాయా?" అని అడగండి.

ఈ రెండవ ప్రశ్న మిక్సర్ల విషయంలో మరీ ముఖ్యం. మన మందిరాల్లో ఉన్న అనేక మిక్సర్లకు యు.ఎస్.బి. సాకెట్టు ఉంటుంది. కొన్నిటిలో అది పెన్‌డ్రైవ్ పాటలు వాయించుటకు మాత్రమే. మరికొన్నిటిలో అది లాప్‌టాప్‌కు కలుస్తుంది గాని, అన్నీ కలిసిపోయిన ఎడమ, కుడి రెండు ట్రాకులనే పంపుతుంది. మిక్సరుకు పన్నెండు మీటలున్నా లాప్‌టాప్‌లోనికి వచ్చేది రెండే. "యు.ఎస్.బి. ఉంది" అన్న మాటతో తృప్తిపడక, కంపెనీ వారి వివరాల పత్రంలో ఎన్ని ఇన్‌పుట్లు యు.ఎస్.బి. ద్వారా వెళ్తాయో చదివి చూడండి.

బిట్లు, కిలోహెర్ట్జ్‌ల గూర్చి ఎక్కువ చింతపడవద్దు. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ మన పనికి సమృద్ధిగా సరిపోతుంది. 192 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద ఉన్నందుకు అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు.

4. మైకులు, పిన్నులు, ఫాంటమ్ పవర్

మన పల్లె సంఘాలలో అహూజా ఆంప్లిఫయర్లు, వాటి మైకులు బాగా పరిచయం. ఆంప్లిఫయరుతో వాడే మైకుల వైర్లకు చాలా చోట్ల చివర పావు అంగుళం లావు పిన్ను ఉంటుంది. ఇంటర్‌ఫేస్ ముందు భాగంలో ఉన్న సాకెట్టులో ఈ పిన్ను పట్టినంత మాత్రాన అది మైకుకు పనికివస్తుందని అనుకోవద్దు. అనేక పెట్టెలలో ఆ పిన్ను దారి కీబోర్డు, గిటారు వంటి వాటి కోసం; మైకు పెడితే స్వరం పీలగా వస్తుంది. మైకుకు మూడు కాళ్ళ ఎక్స్.ఎల్.ఆర్. వైరే వాడాలి. మైకు అడుగున మూడు కాళ్ళ సాకెట్టు ఉంటే వైరు మార్చుకుంటే సరిపోతుంది. ఆ వైరులో రెండు తీగలు ఒకదానికొకటి ఎదురుగా సంకేతాన్ని మోస్తాయి గనుక, దారిలో చేరిన గుయ్‌మనే శబ్దం అటు చేరాక రద్దవుతుంది.

చేతితో పట్టుకొనే మైకులు ఎక్కువ భాగం డైనమిక్ రకం. వాటికి కరెంటు అక్కరలేదు. క్వయరుకు, సంఘస్థుల స్వరానికి బాగుండే కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఇది ఇంటర్‌ఫేస్‌లో ఉందో లేదో చూడండి. కొన్నిటిలో నాలుగు ఛానళ్ళకు కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. అలాటప్పుడు కండెన్సర్ మైకులన్నీ ఒక గుంపుగా పెట్టుకోండి.

5. ఒకే మైకు రెండు చోట్లకు ఎలా?

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ప్రసంగ పీఠం మీది మైకు ఇప్పటికే మందిరపు ఆంప్లిఫయరులో ఉంది. దానిని తీసి లాప్‌టాప్‌కు పెడితే సంఘానికి వినబడదు. పీఠం మీద రెండు మైకులు పెట్టవచ్చును గాని ఎనిమిదింటికి అలా చేయలేము. దీనికి మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, మైకు వైరును రెండుగా చీల్చే స్ప్లిటర్ వాడుట. ఒక కొస మిక్సరుకు, మరొక కొస ఇంటర్‌ఫేస్‌కు వెళ్తుంది. ఫాంటమ్ పవర్ ఒక వైపు నుండి మాత్రమే ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్ అయితే హమ్మింగు తక్కువ.

రెండవది, మీ మిక్సరు వెనుక ప్రతి ఛానలుకు డైరెక్ట్ అవుట్ ఉంటే అక్కడి నుండి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్లకు తీసుకొనుట. ఉన్న మిక్సరును విడువనక్కరలేదు.

మూడవది, మిక్సరు, ఇంటర్‌ఫేస్ రెండూ ఒకటిగా ఉన్న పెట్టె కొనుట. బెరింజర్ ఎక్స్.ఆర్. 18 అనే డిజిటల్ మిక్సరు 16 మైకులు తీసుకొని, 18 ట్రాకులను విడివిడిగా యు.ఎస్.బి. ద్వారా పంపగలదు. జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8 చిన్నది. ఆరు మైకులు తీసుకుంటుంది. లాప్‌టాప్ లేకపోయినా కార్డులోనికి విడి ట్రాకులు వ్రాసుకుంటుంది. మందిరంలో మిక్సరు పాతబడి మార్చవలసిన స్థితిలో ఉంటే, ఇంటర్‌ఫేస్‌ను వేరుగా కొనుట కంటె ఈ మార్గమే మేలు.

మందిరపు ధ్వనిని లాప్‌టాప్ గుండా పోనిచ్చే ఏర్పాటు మాత్రం చేయవద్దు. ప్రార్థన మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే మందిరమంతా మూగబోతుంది. రికార్డింగు ఆగినా ఆరాధన ఆగకూడదు.

6. కరెంటు, ప్రయాణం

సువార్త కూటం పొలం గట్టు మీద పందిట్లో ఉండవచ్చు, కొల్లేటి లంకలో ఒక పూరింటి ముందు ఉండవచ్చు. కరెంటు పోతుంది, జనరేటరు వేస్తారు. అందుచేత ఈ పెట్టెకు ఆహారం ఎక్కడి నుండి వస్తుందో ముందే చూడాలి.

యు.ఎస్.బి. 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు మాత్రమే. రెండు మైకుల పెట్టెలు అనేకం దానితో నడుస్తాయి. ఎనిమిది మైకుల పెట్టెలకు సాధారణంగా విడిగా అడాప్టరు కావాలి. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూ ఉన్నా, కరెంటు పోగానే ఆ పెట్టె ఆగిపోతుంది. దానికి చిన్న యు.పి.ఎస్. గాని ఇన్వర్టరు గాని జత చేయండి. ఎల్-8 వంటివి నాలుగు చిన్న బ్యాటరీలతో గాని పవర్ బ్యాంకుతో గాని నడుస్తాయి. పడవ మీద వెళ్ళే పరిచర్యకు అది గొప్ప సహాయం.

గుయ్‌మనే శబ్దం వస్తుంటే మొదట లాప్‌టాప్ చార్జరు తీసి చూడండి. శబ్దం ఆగితే దోషం చార్జరు దారిలో ఉన్నట్లే. ఆ శబ్దం పోవుటకని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును తీసివేయువారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు, చేయనివ్వవద్దు. తడి నేల మీద, ఇనుప మైకు పట్టుకొని నిలబడినవారి ప్రాణం ఆ పిన్ను మీద ఆధారపడి ఉంటుంది.

యు.ఎస్.బి. 2.0 వైరు 5 మీటర్లకు మించకూడదు. పెట్టెను లాప్‌టాప్ ప్రక్కనే ఉంచి, దూరమంతా మైకు వైర్లతో పూడ్చండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ గనుక, పని అయిన తరువాత పెట్టెను తుడిచి మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

7. లాప్‌టాప్ సంగతి

24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక ట్రాకు గంటకు సుమారు 520 మెగాబైట్లు తీసుకుంటుంది. ఎనిమిది ట్రాకులైతే గంటకు నాలుగు గిగాబైట్లకు కొంచెం పైన. రెండున్నర గంటల ఆరాధనకు పది గిగాబైట్ల పైమాటే. హార్డ్ డిస్కులో అంతకు రెండింతలు ఖాళీ ఉంచండి. ఇక వేగం మాటకొస్తే, ఎనిమిది ట్రాకులకు సెకనుకు దాదాపు 9 మెగాబిట్లు చాలు, యు.ఎస్.బి. 2.0 హద్దు 480 మెగాబిట్లు. కనుక పాత లాప్‌టాప్ అని సిగ్గుపడనక్కరలేదు.

విండోస్ లాప్‌టాప్‌కు కంపెనీ వారి ఏషియో డ్రైవరు ఉండాలి. మీ విండోస్‌కు అది దొరుకుతుందో లేదో కొనక ముందే చూడండి. ఒకేసారి అనేక ట్రాకులు వ్రాయగల సాఫ్ట్‌వేరు కూడా కావాలి. రీపర్ అనే దానిని 60 దినాలు పరీక్షించి చూచుకొని తరువాత కొనవచ్చును. పాత ఫైర్‌వైర్ పెట్టెలు చౌకగా వచ్చినా తీసుకోవద్దు. ఈనాటి లాప్‌టాప్‌లకు ఆ సాకెట్టు లేదు.

రికార్డు చేసేటప్పుడు వై-ఫై, అప్‌డేట్లు ఆపివేయండి. దైవజనుడు మెల్లగా మొదలుపెట్టి చివరకు గొంతెత్తి మాట్లాడతారని గుర్తుంచుకొని, గట్టి మాటకు మీటరు -12 డెసిబెల్స్ దగ్గర నిలిచేలా గెయిన్ పెట్టండి. తక్కువైన ధ్వనిని తరువాత పెంచుకోవచ్చు గాని, సున్నా దాటి పగిలిన ధ్వనిని బాగుచేయుట కష్టం. ఎకో స్పీకర్లకు ఉంటే ఉండనివ్వండి. రికార్డింగులోనికి మాత్రం రానివ్వవద్దు. మొదటిసారి ఆదివారం నాడు కాక శనివారం క్వయరు అభ్యాసంలో రెండు గంటలు ఆపకుండా నడిపి చూడండి.

8. బారూకు నేర్పిన పాఠం

యిర్మీయా 36వ అధ్యాయంలో బారూకును చూస్తాము. ప్రవక్త నోటి మాటలను అతడు సిరాతో గ్రంథపు చుట్టలో వ్రాశాడు. రాజైన యెహోయాకీము ఆ చుట్టను కోసి నిప్పులో వేసి కాల్చివేశాడు. దేవుని ఆజ్ఞ ప్రకారం యిర్మీయా మరల చెప్పగా బారూకు మరల వ్రాశాడు. అక్కడ యిర్మీయా ఇంకను బ్రదికి ఉన్నాడు గనుక అది సాధ్యమైంది. మీ సంఘంలో పాత కీర్తనల బాణీలు ఎరిగిన ఎనభై ఏండ్ల తల్లి పాడిన పాట ఒకే లాప్‌టాప్‌లో ఉండి, ఆ లాప్‌టాప్ పాడైపోతే, మరల పాడుటకు ఆమె ఉంటారో ఉండరో! అందుచేత ఆ రోజే రెండు చోట్లకు కాపీ తీయండి. ఒకటి మందిరంలో, ఒకటి వేరొక ఇంటిలో ఉంచండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, మాట్లాడినవారి పేరు వ్రాయండి.

ప్రియులారా, పెట్టె ఖరీదును బట్టి పరిచర్య గొప్పది కాదు. కాని సంఘం ఇచ్చిన ప్రతి రూపాయికి మనం లెక్క చెప్పవలసిన గృహనిర్వాహకులము. మైకులను లెక్కించి, ప్రీఆంప్‌లను లెక్కించి, విడి ట్రాకులు వస్తాయో లేదో చూచి, కరెంటు సంగతి ఆలోచించి కొనండి. ఆ తరువాత మొదటి రికార్డింగు మీ సంఘంలో అందరికంటె పెద్దవారితో చేయండి. పండుగ కార్యక్రమాలు ప్రతి ఏటా వస్తాయి; ఆ స్వరం రాదు.

వినువారికి వాక్యము తేటగా చేరునట్లు మీ చేతి పనిని ప్రభువు స్థిరపరచి, మీ సంఘమును దీవించును గాక. ఆమేన్.